‘ఈజ్’ కనపడగానే హెల్పింగ్ వెర్బ్ అనేయకండి: రెండిటినీ విడదీయడం ఎలా

మా చెల్లెలి కూతురు ఈ ఏడు పదో తరగతి. శ్రీకాకుళంలో వాళ్లిల్లు మాకు రెండు వీధుల అవతలే. సాయంత్రం అయ్యేసరికి ఇంగ్లిష్ పుస్తకం పట్టుకుని వచ్చేస్తుంది. మొన్న ఒక పేజీలో పన్నెండు వాక్యాలిచ్చి, ఏది లింకింగ్ వెర్బో ఏది హెల్పింగ్ వెర్బో రాయమన్నారు. చూస్తే పన్నెండింటికీ ఒకటే జవాబు. హెల్పింగ్, హెల్పింగ్, హెల్పింగ్. ఇదేంటే అని అడిగితే, “అన్నింట్లోనూ ఈజ్, వాజ్ ఉన్నాయి కద పెద్దమ్మా. ఈజ్ అంటే హెల్పింగ్ వెర్బ్ కదేటి?” అంది.

తప్పు దానిది కాదు. ‘యామ్, ఈజ్, ఆర్, వాజ్, వర్’ అని ఎక్కాల్లాగా బట్టీ పట్టించి, ఇవి హెల్పింగ్ వెర్బ్స్ అని చెప్పి వదిలేస్తారు. నా చదువూ అలాగే సాగింది. ఆ జాబితాలో అబద్ధమేమీ లేదు, కాకపోతే సగమే చెబుతుంది. ఒకే మనిషి ఇంట్లో నాన్న, బస్సెక్కితే కండక్టరు. ఫొటో చూపించి ఈయన ఎవరంటే ఏం చెప్తాం? ఎక్కడున్నాడో, ఏం చేస్తున్నాడో చూడాలి. ‘ఈజ్’ కూడా అంతే. దాని ముఖం చూసి చెప్పలేం, ఆ వాక్యంలో దాని పని చూసి చెప్పాలి.

పరీక్షకి చదువుతున్నవాళ్లయినా, పిల్లలకి చెప్పాల్సి వచ్చిన అమ్మానాన్నలయినా, కింది వరసలో ఒక్కొక్కటే చేసుకుంటూ రండి. పక్కన కాగితం, పెన్ను ఉంటే మంచిది.

ముందు గొడవ ఎంతవరకో తేల్చుకోండి

బడి వ్యాకరణంలో హెల్పింగ్ వెర్బ్స్ 23 అని లెక్క చెబుతారు. ‘బి’ కుటుంబంలో ఎనిమిది: బి, యామ్, ఈజ్, ఆర్, వాజ్, వర్, బీయింగ్, బీన్. ‘హావ్’ కుటుంబంలో మూడు: హావ్, హాజ్, హాడ్. ‘డు’ కుటుంబంలో మూడు: డు, డజ్, డిడ్. తర్వాత మోడల్స్ తొమ్మిది: కెన్, కుడ్, మే, మైట్, షల్, షుడ్, విల్, వుడ్, మస్ట్.

ఇరవై మూడూ చూసి టెన్షన్ పడకండి. చివరి తొమ్మిదీ ఎప్పుడూ సాయానికే వస్తాయి, వాటి గురించి ఆలోచించే పనే లేదు. ‘హావ్’, ‘డు’ కుటుంబాలు ఒక్కోసారి సొంతంగా కూడా బతుకుతాయి గానీ, లింకింగ్ వెర్బ్ మాత్రం కావు. ఇక రెండు వేషాలూ వేసేది ‘బి’ కుటుంబం ఒక్కటే. అంటే తికమక అంతా ఇరవై మూడింటిలో ఎనిమిదింటితోనే. ఈ మాట నాకు ఎవరైనా పదో తరగతిలో చెప్పి ఉంటే ఎంత బాగుండేదో.

రెండు పనులూ పక్కపక్కన పెట్టి చూడండి

‘సుజాత ఈజ్ ఎ నర్స్.’
‘సుజాత ఈజ్ కుకింగ్.’

మొదటి వాక్యంలో ‘ఈజ్’ తీసేసి అక్కడ లెక్కల్లో వాడే ఈక్వల్ గుర్తు పెట్టండి. సుజాత ఈక్వల్ నర్స్. కుదిరింది. ఎడమ పక్కనున్న మనిషి ఎవరో, ఎలా ఉందో కుడి పక్కన చెప్పి, ఆ రెండిటికీ ముడి వేసే మాట లింకింగ్ వెర్బ్. కుడి పక్కనున్న ‘నర్స్’ లాంటి దాన్ని సబ్జెక్ట్ కాంప్లిమెంట్ అంటారు.

రెండో వాక్యంలో ముడి లేదు. సుజాత చేసే పని ‘కుక్’. ఆ పని ఇప్పుడు జరుగుతోందని చెప్పడానికి ‘ఈజ్’ దానికి చెయ్యందించింది. ఇది హెల్పింగ్ వెర్బ్. సాయం చేసే మాట కాబట్టి పక్కన సాయం పొందే ఇంకో వెర్బ్ ఉండి తీరాలి. అది లేకపోతే హెల్పింగ్ అన్న ప్రశ్నే రాదు.

‘ఈజ్’ తర్వాత ఎవరు నిలబడ్డారో చూడండి

అసలు పరీక్ష ఇదే. వెర్బ్ కింద గీత గీసి, వేలు కుడివైపుకి జరపండి. అక్కడ ఇంకో వెర్బ్ తగిలితే మీరు గీత గీసినది హెల్పింగ్. పేరో, గుణం చెప్పే మాటో తగిలితే లింకింగ్.

తగిలే వెర్బ్ ఏ రూపంలో ఉంటుంది? ‘బి’ తర్వాత ‘ఇంగ్’ రూపమో, మూడో రూపమో వస్తుంది: ‘ఈజ్ రైటింగ్’, ‘వాజ్ రిటెన్’. ‘హావ్’ తర్వాత మూడో రూపం: ‘హావ్ రిటెన్’. మోడల్స్, ‘డు’ల తర్వాత మొదటి రూపం: ‘కెన్ రైట్’, ‘డిడ్ నాట్ రైట్’.

వేలు జరిపేటప్పుడు మధ్యలో కొన్ని మాటలు అడ్డొస్తాయి. నాట్, నెవర్, ఆల్వేస్, ఆల్రెడీ, స్టిల్, ఆల్సో లాంటివి. వాటి దగ్గర ఆగిపోకండి, దాటేయండి. ‘ద నాగావళి ఈజ్ స్టిల్ రైజింగ్’లో ‘స్టిల్’ దాటితే ‘రైజింగ్’ దొరుకుతుంది, హెల్పింగ్. ‘ద నాగావళి ఈజ్ స్టిల్ ఫుల్’లో దాటితే ‘ఫుల్’ దొరుకుతుంది, లింకింగ్. ప్రశ్న అయితే సబ్జెక్ట్ కూడా మధ్యలోకి దూరుతుంది. ‘ఆర్ యూ కమింగ్?’ ‘ఆర్ యూ హంగ్రీ?’ రెండింట్లోనూ ‘యూ’ని దాటి చూడండి.

ప్రశ్నలో ముందుకొస్తే హెల్పింగ్ వెర్బే అని కొందరు అడ్డదారి చెబుతారు. ‘బి’ విషయంలో అది పనిచేయదు. ‘ఆర్ యూ హంగ్రీ?’లో ‘ఆర్’ ముందుకొచ్చినా లింకింగే.

ఇప్పుడు తెలుగులో చెప్పి చూడండి

నాకు ఈ మెట్టు అంటే చాలా ఇష్టం. ఇంగ్లిష్ వ్యాకరణాన్ని ఇంగ్లిష్‌తోనే కొలవాలని ఎవరూ చెప్పలేదు కదా. ఇంట్లో మన త్రాసు ఉండగా పక్కింటికి వెళ్లడం ఎందుకు?

‘మై ఫాదర్ ఈజ్ ఎ టీచర్.’ తెలుగులో: మా నాన్న టీచర్. వెర్బ్ ఏది? లేదు. మనకి అక్కర్లేదు. రెండు పేర్లు పక్కపక్కన పెడితే ముడి దానంతటదే పడిపోతుంది.

‘మై ఫాదర్ ఈజ్ కమింగ్.’ తెలుగులో: మా నాన్న వస్తున్నాడు. విడదీస్తే వస్తూ, ఉన్నాడు. మా ఊళ్లో ‘వస్తన్నాడు’ అంటాం. ఎలా అన్నా ‘ఉన్నాడు’ వెళ్లి ‘వచ్చు’కి అతుక్కుపోయింది. ఇంగ్లిష్‌లో ముందు నడిచే హెల్పింగ్ వెర్బ్ తెలుగులో వెనక తోకవుతుంది.

మిగతావి కూడా ఇలాగే చూడండి. ‘కెన్ స్విమ్’ అంటే ఈదగలడు, ‘గల’ తోక. ‘మస్ట్ గో’ అంటే వెళ్లాలి, ‘ఆలి’ తోక. ‘మే కమ్’ అంటే రావచ్చు, ‘వచ్చు’ తోక. ‘డిడ్ నాట్ కమ్’ అంటే రాలేదు. ప్రతిచోటా ఇంగ్లిష్‌లోని రెండు మూడు మాటలు మనకి ఒక్క మాటలో ఇమిడిపోతాయి.

కాబట్టి తెలుగులోకి మార్చినప్పుడు ‘ఈజ్’ మాయమైతే లింకింగ్. ఇంకో క్రియకి తోకగా అతుక్కుంటే హెల్పింగ్. మరి ‘ద టీ ఈజ్ కోల్డ్’ అంటే? టీ చల్లగా ఉంది. ఇక్కడ ‘ఉంది’ మాయం కాలేదు, అలాగని ఇంకో క్రియకి అతుక్కోనూ లేదు. ‘చల్లగా’ పక్కన ఒంటరిగా నిలబడింది. ఇదీ లింకింగే.

ఇంకా అనుమానమైతే కాదనిపించి చూడండి. ‘నాన్న టీచర్ కాదు’. ‘కాదు’ వచ్చిందంటే అది పేర్ల మధ్య ముడి, లింకింగ్. ‘టీ చల్లగా లేదు’. ‘లేదు’కి ముందు ‘గా’తో ముగిసే మాట ఉంది, అదీ లింకింగ్. ‘నాన్న రావడం లేదు’. ‘లేదు’కి ముందు క్రియ ఉంది, హెల్పింగ్. మా చెల్లెలి కూతురు ఇది విని, “కాదు అంటే లింకింగు, రావడం నేదు అంటే హెల్పింగు, అంతే కదా?” అంది. దాదాపు అంతే.

దాదాపు అని ఎందుకన్నానంటే, ఒకచోట ఈ త్రాసు మోసం చేస్తుంది. ఒంటికీ మనసుకీ సంబంధించిన సంగతులు తెలుగులో క్రియలతో చెబుతాం. ఆకలేస్తోంది, భయమేస్తోంది, చలేస్తోంది, అలిసిపోయాను. ఇంగ్లిష్‌లో ఇవే ‘ఐ యామ్ హంగ్రీ’, ‘ఐ యామ్ స్కేర్డ్’, ‘ఐ యామ్ కోల్డ్’, ‘ఐ యామ్ టైర్డ్’. తెలుగులో తోక కనపడిందని హెల్పింగ్ అని రాసేస్తే మార్కు పోతుంది. హంగ్రీ, కోల్డ్ క్రియలు కావు, గుణాలు. స్కేర్డ్, టైర్డ్ మూడో రూపంలా కనపడినా ఇక్కడ గుణాలే. ఆకలీ దప్పికా దగ్గర తెలుగు త్రాసు పక్కన పెట్టి, వేలు జరిపే పరీక్షకే వెళ్లండి.

మాట్లాడే మాటని విని వ్యాకరణం తేల్చుకోవడం మన జిల్లాకి కొత్త కాదు. 1863లో శ్రీముఖలింగం దగ్గర పర్వతాలపేటలో పుట్టిన గిడుగు రామమూర్తి పంతులుగారు పర్లాకిమిడిలో మేష్టారుగా ఉంటూ సవరల భాష నేర్చుకున్నారు. నేర్పే పుస్తకాల్లేని భాష అది. మనుషులు మాట్లాడుతుంటే విని, రాసుకుని, చివరికి దానికి వ్యాకరణం తయారుచేశారు. ఆయన పుట్టిన ఆగస్టు 29నే మనం తెలుగు భాషా దినోత్సవం చేసుకుంటున్నాం. ఆయన అంత పని చేస్తే మనం ఒక ‘ఈజ్’ సంగతి తేల్చుకోలేమా?

వరసగా నాలుగు వెర్బ్‌లు వస్తే చివరిదాన్ని పట్టుకోండి

పెళ్లి ఊరేగింపు గుర్తు తెచ్చుకోండి. ముందు బ్యాండు మేళం, తర్వాత లైట్లు మోసేవాళ్లు, వాళ్ల వెనక డాన్సు చేసే కుర్రాళ్లు, అందరి వెనక పెళ్లికొడుకు. ఇంగ్లిష్ వెర్బ్‌ల వరస అచ్చంగా ఇదే. చివర ఉన్నదే మెయిన్ వెర్బ్, ముందున్నవన్నీ హెల్పింగ్.

‘బై సిక్స్, షి విల్ హావ్ బీన్ వెయిటింగ్ ఫర్ త్రీ అవర్స్.’ పెళ్లికొడుకు ‘వెయిటింగ్’. విల్, హావ్, బీన్ మూడూ ముందు నడిచేవాళ్లు.

పిల్లలు ఎక్కువగా పడిపోయేది ఇక్కడే: ‘షి విల్ బి ఎ డాక్టర్.’ వరసలో విల్, బి రెండే ఉన్నాయి. చివరిది ‘బి’. దాని తర్వాత పేరు. అంటే పెళ్లికొడుకు ‘బి’యే. ‘విల్’ హెల్పింగ్, ‘బి’ లింకింగ్. ఒకే వాక్యంలో రెండూ ఉన్నాయన్నమాట. ‘గ్రాండ్‌ఫాదర్ హాజ్ బీన్ సిక్’లో ‘హాజ్’ హెల్పింగ్, ‘బీన్’ లింకింగ్. ‘ద బాయ్ ఈజ్ బీయింగ్ స్టబ్బర్న్’లో ‘ఈజ్’ హెల్పింగ్, ‘బీయింగ్’ లింకింగ్. మొండి చేస్తున్నాడు అని మనం అంటాం కదా, ఆ అర్థం. చివరి రెండు వాక్యాలూ పది సార్లు పైకి చదవండి. ఇవి పట్టుబడితే మిగతావన్నీ తేలికే.

‘బి’ కాని లింకింగ్ వెర్బ్‌లు కూడా ఉన్నాయి

బికమ్, సీమ్ అనే రెండూ దాదాపు ఎప్పుడూ లింకింగే. తర్వాత ఐదు ఇంద్రియాల మాటలు: లుక్, సౌండ్, స్మెల్, టేస్ట్, ఫీల్. ఇవి కాక రిమెయిన్, స్టే, అప్పియర్, గ్రో, టర్న్, గెట్ లాంటివి అప్పుడప్పుడు ఈ గూటికి చేరతాయి. వీటికి హెల్పింగ్‌తో తగాదా లేదు. మామూలు పని చెప్పే యాక్షన్ వెర్బ్‌తో తగాదా.

ఇక్కడ చేయాల్సింది ఒక్కటే. ఆ వెర్బ్ తీసేసి ‘ఈజ్’ గానీ ‘వాజ్’ గానీ పెట్టి చూడండి. వాక్యం నిలబడితే లింకింగ్, నవ్వొస్తే యాక్షన్.

పొందూరు ఖాదీ చీర చేత్తో పట్టుకున్నారనుకోండి. వాలుగ చేప దవడతో పత్తి ఏకి, శుభ్రం చేసి నేసే బట్ట అది, ఆ మెత్తదనం వేరు. ‘దిస్ శారీ ఫీల్స్ సాఫ్ట్.’ మార్చండి: ‘దిస్ శారీ ఈజ్ సాఫ్ట్.’ నిలబడింది, లింకింగ్. ‘మై ఆంట్ ఫెల్ట్ ద శారీ.’ మార్చండి: ‘మై ఆంట్ వాజ్ ద శారీ.’ అత్తయ్యే చీరైపోయింది! యాక్షన్.

పలాస జీడిపప్పు వేయించి ఉప్పూ కారం చల్లితే, ‘ద కాష్యూస్ టేస్ట్ సాల్టీ.’ ‘ఆర్ సాల్టీ’ అంటే కుదురుతుంది. ‘ద షాప్‌కీపర్ టేస్టెడ్ ద కాష్యూస్.’ కొట్టువాడు జీడిపప్పు కాలేడు. ‘ద స్కై గ్రూ డార్క్’ లింకింగ్, ‘ద ఉద్దానం ఫార్మర్స్ గ్రూ కోకోనట్స్’ యాక్షన్. ‘ద లీవ్స్ టర్న్డ్ యెల్లో’ లింకింగ్, ‘ద బస్ టర్న్డ్ లెఫ్ట్’ యాక్షన్.

ఈ మార్పిడి పరీక్షకీ ఒక చిల్లు ఉంది. అరసవల్లి గుళ్లో ఏటా మార్చిలోనూ అక్టోబరులోనూ కొన్ని రోజులు పొద్దుటి ఎండ స్వామి పాదాల మీద పడుతుంది కదా. ‘ద సన్ రేస్ ఫాల్ ఆన్ ద ఐడల్.’ ‘ఫాల్’ తీసి ‘ఆర్’ పెడితే ‘ద సన్ రేస్ ఆర్ ఆన్ ద ఐడల్’. వాక్యం నిలబడినట్టే ఉంది! కానీ ఇది లింకింగ్ కాదు. వెర్బ్ తర్వాత ఉన్నది చోటు. కిరణాలు ఏమిటో, ఎలా ఉన్నాయో చెప్పే మాట కాదు. ‘ద చైల్డ్ ఫెల్ ఇల్’లో ‘ఇల్’ బిడ్డ ఎలా ఉందో చెబుతోంది, అది లింకింగ్. కాబట్టి మార్చి చూసే ముందు కుడి పక్క పేరో గుణమో ఉందా అని చూసుకోండి.

దీనివల్ల ఇంకో లాభం. కూర కమ్మగా వాసన వస్తోంది అనడానికి ‘ద కర్రీ స్మెల్స్ గుడ్’ అనాలా, ‘స్మెల్స్ వెల్’ అనాలా? ‘కమ్మగా’లో ‘గా’ ఉంది కాబట్టి మనకి యాడ్వెర్బ్ పెట్టాలనిపిస్తుంది. కానీ ‘స్మెల్స్’ ఇక్కడ లింకింగ్, గుణం కూరది. అందుకే ‘గుడ్’. ‘ద కర్రీ స్మెల్స్ వెల్’ అంటే కూరకి ముక్కుందనీ, అది బాగా వాసన చూడగలదనీ అర్థం తీసి నవ్వేవాళ్లుంటారు.

ప్రశ్నపత్రం తయారుచేసేవాళ్లకి ఇష్టమైన గుంటలు

‘ఇంగ్’ కనపడినంత మాత్రాన వెర్బ్ అనుకోకండి. ‘ద క్లాస్ ఈజ్ బోరింగ్.’ ముందు ‘వెరీ’ పెట్టండి. ‘వెరీ బోరింగ్’ బాగానే ఉంది కాబట్టి అది గుణం, ‘ఈజ్’ లింకింగ్. ‘దే ఆర్ బోరింగ్ ఎ వెల్.’ పొలంలో బోరు దించుతున్నారు. ‘వెరీ’ పెట్టలేం, ‘ఆర్’ హెల్పింగ్. ‘హిజ్ హాబీ ఈజ్ స్విమ్మింగ్’లో ‘వెరీ’ కుదరదు గానీ ఈక్వల్ గుర్తు కుదురుతుంది. హాబీ ఏమీ చెరువులో దిగి ఈదడం లేదు కదా. హాబీ ఈక్వల్ ఈత. లింకింగ్.

మూడో రూపంతో కూడా ఇదే పేచీ. ‘ద బ్యాంక్ ఈజ్ క్లోజ్డ్ టుడే.’ ఈ రోజు మూసి ఉంది, దాని స్థితి అది, లింకింగ్. ‘ద డోర్ వాజ్ క్లోజ్డ్ బై ద వాచ్‌మన్ ఎట్ ఫైవ్.’ వాచ్‌మన్ మూసిన పని, హెల్పింగ్. ‘బై’ పెట్టి ఎవరు చేశారో చెబితే అది పనే. ‘బై’ లేకపోతే మాత్రం చెబుతున్నది పనో స్థితో అర్థం చూసి తేల్చుకోవాలి. ఉత్త ‘ద డోర్ వాజ్ క్లోజ్డ్’ అని ఇచ్చి ఊరుకుంటే రెండు అర్థాలూ వస్తాయి. అది ప్రశ్న రాసినవాళ్ల తప్పు, మీది కాదు.

మాటల్లో ‘హీజ్’ అని వినపడేది మూడు రకాలు. ‘హీజ్ టాల్’లో దాగున్నది ‘ఈజ్’, లింకింగ్. ‘హీజ్ గోయింగ్’లో కూడా ‘ఈజే’, హెల్పింగ్. ‘హీజ్ గాన్’లో మామూలుగా దాక్కునేది ‘హాజ్’, హెల్పింగ్. ఇంగ్లిష్‌లో రాసేటప్పుడు పైన పెట్టే కామా లాంటి గుర్తు (అపాస్ట్రఫీ) విప్పి పూర్తి మాట రాసుకున్నాకే జవాబు రాయండి.

‘ఐ హావ్ ఎ సైకిల్’, ‘షి డిడ్ హర్ హోంవర్క్’. ఇవి లింకింగూ కావు, హెల్పింగూ కావు. మెయిన్ వెర్బ్‌లు. ప్రతి వెర్బూ ఈ రెండు పెట్టెల్లో ఒకదాంట్లో పడాలని ఎక్కడా లేదు.

‘ద బుక్ ఈజ్ ఆన్ ద టేబుల్’ సంగతి? ఇక్కడ కుడి పక్క చోటు ఉంది. కొన్ని వ్యాకరణాలు దీన్ని కూడా లింకింగ్‌లో కలుపుతాయి, కొన్ని ఉనికి చెప్పే మెయిన్ వెర్బ్ అని విడిగా పెడతాయి. మీ పాఠ్యపుస్తకం ఏ దారిలో వెళ్తే ఆ దారిలో రాయండి. హెల్పింగ్ మాత్రం కాదు, ఆ మాట అందరూ ఒప్పుకుంటారు.

నోట్లో పడే తప్పుల మీద వాడి చూడండి

పరీక్ష అయిపోయాక ఈ గొడవంతా ఎందుకు అంటారా? మనవాళ్లు ఇంగ్లిష్ మాట్లాడేటప్పుడు చేసే తప్పుల్లో కొన్ని ఇక్కడి నుంచే వస్తాయి.

తెలుగులో ముడి మాట లేదు కాబట్టి ‘మై ఫాదర్ టీచర్’ అనేస్తాం. అది లింకింగ్ మింగేయడం. ‘యామ్, ఈజ్, ఆర్’ బట్టీ పట్టాం కాబట్టి ‘ఐ’ వెంట ‘యామ్’ అలవాటుగా వచ్చేసి ‘ఐ యామ్ గో టు కాలేజ్ డెయిలీ’ అంటాం. అది అక్కర్లేని హెల్పింగ్ తగిలించడం. ‘షి డిడ్ నాట్ వెంట్’ అంటే గతం రెండుసార్లు చెప్పడం. ‘డిడ్’ మోసేశాక ‘గో’కి ఆ బరువు అక్కర్లేదు.

నాది ఇంకో రకం. డిగ్రీ అవగానే విశాఖపట్నంలో ఒక ఇంటర్వ్యూకి వెళ్లి, కూర్చోగానే “ఐ యామ్ కంప్లీటెడ్ మై డిగ్రీ” అన్నాను. ఎదురుగా ఉన్నాయన ఏమీ అనలేదు గానీ కళ్లద్దాలు తీసి తుడుచుకున్నాడు. ఏం తప్పన్నానో అప్పుడు తెలియలేదు. ‘యామ్’ పక్కన మూడో రూపం పెడితే పని నా మీద జరిగినట్టు. నేను డిగ్రీ పూర్తి చేయడం కాదు, నన్నే ఎవరో పూర్తి చేసేసినట్టు! ‘హావ్ కంప్లీటెడ్’ అనాలి. మూడో రూపం కనపడగానే దాని ముందు ‘హావ్’ ఉండాలా ‘బి’ ఉండాలా అని ఆగి చూసుకోవడం ఆ రోజు నుంచే అలవాటైంది.

చివరగా చెవితో సాధన

కాగితం మీద బాగా వచ్చాక, చెవికి పట్టేలా చేయండి. శ్రీకాకుళం రోడ్ స్టేషన్ ఉన్నది ఆమదాలవలసలో అని మీకు తెలిసే ఉంటుంది. మొన్న ఆదివారం చెల్లెలి మొగుణ్ణి తీసుకురావడానికి నేనూ పిల్లా వెళ్లాం. ట్రైన్ ఆలస్యం. ఊరికే కూర్చోవడం ఎందుకని మైకులో వచ్చే ఇంగ్లిష్ విని చెప్పమన్నాను.

‘ఈజ్ రన్నింగ్ లేట్’ అని వినపడగానే “రన్నింగ్ ఉంది, హెల్పింగ్” అంది. మరి ఉత్త ‘ద ట్రైన్ ఈజ్ లేట్’ అంటేనో? “లేట్ వెర్బ్ కాదు. లింకింగ్.” తర్వాత అసౌకర్యానికి చింతిస్తున్నాం అనే ముక్క వచ్చింది: ‘ద ఇన్‌కన్వీనియన్స్ కాజ్డ్ ఈజ్ డీప్లీ రిగ్రెటెడ్.’ కాసేపు ఆలోచించి, “డీప్లీ అడ్డం, దాటేశాను. రిగ్రెటెడ్ మూడో రూపం. ఈజ్ హెల్పింగే” అంది. ‘కాజ్డ్’ సంగతేంటని అడిగాను. “అది ఈజ్‌కి ముందుంది కద, దాని పని అయిపోయింది” అంది. నిజమే, అది అసౌకర్యం ఎలాంటిదో చెప్పి అక్కడే ఆగిపోయింది.

ఇంతలో దూరంగా ఇంజను లైటు కనపడింది. “ద ట్రైన్ ఈజ్ హియర్” అన్నాను. ఇది ఏ పెట్టెలో వేయాలో తేల్చడానికి మాకు ఇంటికొచ్చేదాకా పట్టింది. దారంతా వాళ్ల నాన్న సూట్‌కేసు మోసుకుంటూ మాకేసి వింతగా చూస్తూనే ఉన్నాడు.